వాకీటాకీ పవరు తగ్గిస్తే సరిపోతుందా?

(మండల స్థాయి రైతు శిక్షణా తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం మాట్లాడుకునే విషయం చిన్నదిగా కనిపిస్తుంది. గిట్టుబాటు ధర, పంటల బీమా, కౌలు కార్డులు ఉండగా ఈ వాకీటాకీ గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. కానీ గత రెండు మూడు సీజన్లుగా సభ్యుల నుంచి సంఘానికి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాకీటాకీలు కొన్నాం. అవి 5 వాట్లవి, లైసెన్సు కావాలంటున్నారు. టౌన్‌లో రిపేరు షాపువాళ్లు పవరు తగ్గించి ఇస్తామంటున్నారు. తగ్గిస్తే ఇక ఇబ్బంది ఉండదు కదా?" ఇదీ ఆ ప్రశ్న. దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటే న్యాయం కాదు. అందుకే పూర్తిగా మాట్లాడుకుందాం.

మనకెందుకు ఈ సెట్లు?

రైతుకు వాకీటాకీ సరదా వస్తువు కాదు. బోరు ఒక మూల ఉంటే వాల్వు ఇంకో మూల ఉంటుంది. పైపు ఊడిందని ఇక్కడి నుంచి అరిస్తే స్టార్టరు దగ్గరున్న మనిషికి వినపడదు. అతను పరుగెత్తి వెళ్లి మోటారు ఆపేలోపు మడి కోసుకుపోతుంది. ఏజెన్సీలో, గుట్టల వెనక, వాగుల లోపల సెల్ సిగ్నల్ ఉండదు. వేరుశనగ, మొక్కజొన్న చేలల్లో అడవి పందుల కాపలాకు రాత్రంతా మంచెల మీద ఉండే వాళ్లు ఒకరికొకరు ఉన్నామని చెప్పుకోవాలి. పాము కరిస్తే పక్క చేనువాణ్ణి పిలవాలి. కాలువ చివరి భూముల వాళ్లు తూము దగ్గరి మనిషితో మాట్లాడాలి. ఇవన్నీ నిజమైన అవసరాలు. ఫోన్ పనిచేయని చోట పనిచేసే పరికరం కావాలని రైతు కోరుకోవడంలో తప్పేమీ లేదు.

అసలు చిక్కు కొనే చోట మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో బొమ్మ, ధర, "10 కిలోమీటర్ల రేంజ్" అన్న మాట కనిపిస్తాయి. అది ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంది, లైసెన్సు అవసరమా కాదా అన్నది చాలాసార్లు కనిపించదు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులిచ్చింది ఇందుకే. ఫ్రీక్వెన్సీ వివరం, లైసెన్సు సంగతి, పరికరానికి ఆమోదం ఉందా లేదా అన్నది చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నారన్నది అందులో ప్రధాన అభ్యంతరం. ఆ తర్వాత ఇలాంటి అమ్మకాల మీద మార్గదర్శకాలు కూడా వచ్చాయి. అంటే లోపం అమ్మేవాళ్ల దగ్గర ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. కానీ సెట్టు ఇప్పుడున్నది మన చేతిలో. తనిఖీ వస్తే సమాధానం చెప్పాల్సింది మనమే.

చట్టం ఏం చెబుతోంది?

మన దేశంలో రేడియో తరంగాలు పంపే ఏ పరికరానికైనా అనుమతి ఉండాలి, లేదా ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు కిందకు రావాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇదే చెప్పాయి. వాటి స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దారి కూడా అదే. 2018లో వచ్చిన నియమాల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సన్నటి పట్టీలో పనిచేసే తక్కువ పవరు వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు. అయితే ఆ మోడల్‌కు కేంద్ర వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఆమోదం ఉండాలి. ఆ ఆమోదాన్నే ఈటీఏ అంటారు. ఈ తరగతి సెట్లు సాధారణంగా అర వాటువి. ఐరోపాలో కూడా ఇదే పట్టీకి పరిమితి అర వాటే.

ఇప్పుడు మన వాళ్లు ఎక్కువగా కొన్న సెట్ల సంగతి చూద్దాం. ఉదాహరణకు బావోఫెంగ్ యూవీ-5ఆర్. అది 136 నుంచి 174 వరకు, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడంటే అక్కడ మాట్లాడగలదు. పోలీసు, అగ్నిమాపక, ఇతర శాఖల వైర్‌లెస్ కూడా నడిచే బ్యాండ్లు అవి. ఎక్కువ పవరులో 4 నుంచి 5 వాట్లు ఇస్తుంది. మెనూలో "లో" అని పెడితే సుమారు 1 వాటుకు దిగుతుంది. అంటే సెట్టులో ఉన్న అతి తక్కువ అమరిక కూడా అర వాటు కంటే ఎక్కువే.

పవరు తగ్గించడం అంటే లోపల ఏం చేస్తారు?

ఈ పని కొత్తది కాదు. హామ్ రేడియో వాళ్లు దీన్ని చాలాకాలంగా చేస్తున్నారు. వాళ్లకు ఒక ఆట ఉంది. ఒక చిన్న ట్రాన్స్‌మిటర్‌ను తోపులోనో గుట్టలోనో దాస్తారు. మిగిలినవాళ్లు దాని సిగ్నల్ వచ్చే దిక్కు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాలి. దాచిన సెట్టు 5 వాట్లు ఇస్తే దగ్గరికి వచ్చేసరికి రిసీవర్ ముంచేసినట్టయి దిక్కు తెలియదు. అందుకని చవకైన సెట్టు కొని దాని పవరు బాగా తగ్గిస్తారు. వాళ్లకు పరీక్ష రాసి తెచ్చుకున్న లైసెన్సు ఉంది, కొలిచే మీటర్లున్నాయి, వాళ్లకంటూ కేటాయించిన ఫ్రీక్వెన్సీలు ఉన్నాయి.

తగ్గించే పద్ధతులు ప్రధానంగా మూడు.

మొదటిది, సెట్టులోని అమరిక. మెనూలోనో కంప్యూటర్ ప్రోగ్రాం ద్వారానో "లో" పవరు పెట్టడం. దీనివల్ల సెట్టుకు ఏ హానీ లేదు. కానీ తయారుచేసినవాడు ఇచ్చిన మెట్టు కంటే కిందికి దిగదు.

రెండోది, బోర్డు మీద మార్పు. సెట్టులో చిన్న చిప్పు బలహీనమైన సిగ్నల్ తయారుచేస్తుంది. చివరిలో ఉన్న ట్రాన్సిస్టర్ దాన్ని వాట్లలోకి పెంచి యాంటెన్నాకు పంపుతుంది. ఆ చివరి ట్రాన్సిస్టర్‌కు అందే నియంత్రణ వోల్టేజీని ఒక రెసిస్టర్ మార్చి తగ్గిస్తారు. లేదంటే ఆ ట్రాన్సిస్టర్‌నే తీసేసి దాని ముందున్న దశ నుంచి నేరుగా కలుపుతారు. ఇది చీమ తలంత భాగాల మీద చేసే పని. పని అయ్యాక ఎన్ని వాట్లు వస్తున్నాయో 50 ఓమ్ల డమ్మీ లోడుతో, పవరు మీటరుతో కొలవాలి. మీటరు లేని షాపులో "తగ్గించాం" అన్న మాటకు విలువ లేదు. పైగా అసలు ఫ్రీక్వెన్సీతో పాటు దాని రెట్టింపు, మూడింతల చోట్ల కూడా సెట్టు కొంత చెత్త సిగ్నల్ పంపుతుంది. చవక సెట్లలో ఈ జబ్బు ఎక్కువ. వోల్టేజీ తగ్గించినంత మాత్రాన అసలు సిగ్నల్‌తో పోల్చితే ఆ చెత్త పాలు తగ్గుతుందన్న హామీ లేదు.

మూడోది, సెట్టుకూ యాంటెన్నాకూ మధ్య అటెన్యుయేటర్ అనే భాగం పెట్టడం. ఇది 5 వాట్లలో నాలుగున్నర వాట్లను వేడిగా మార్చి అర వాటును బయటికి వదులుతుంది. బ్యాటరీ మాత్రం 5 వాట్లకు ఖర్చయినట్టే ఖర్చవుతుంది. ఇంకో నష్టం ఏమిటంటే, మనకు వచ్చే సిగ్నల్ కూడా అదే దారిన రావాలి కాబట్టి వినికిడి కూడా పదోవంతుకు పడిపోతుంది.

ఇవి కాక ఊళ్లలో చేసే తిక్క పనులు రెండున్నాయి. యాంటెన్నా పీకేసి మాట్లాడటం, యాంటెన్నాకు అల్యూమినియం రేకు చుట్టడం. రెండూ వద్దు. బయటికి పోవాల్సిన శక్తి వెనక్కి కొట్టి చివరి ట్రాన్సిస్టర్‌ను కాల్చేస్తుంది.

పవరు తగ్గితే రేంజ్ పడిపోతుందా?

ఇక్కడే మన వాళ్లకు పెద్ద అపోహ ఉంది. 5 వాట్ల నుంచి అర వాటుకు వస్తే రేంజ్ కూడా పదోవంతు అవుతుందనుకుంటారు. అలా కాదు. చదునైన నేల మీద ఇద్దరు మనుషులు సెట్లు పట్టుకుని మాట్లాడితే, దూరం రెట్టింపైనప్పుడు సిగ్నల్ సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన పవరు పదోవంతుకు తగ్గిస్తే దూరం సుమారు 56 శాతానికి తగ్గుతుంది. అంటే 5 వాట్లతో 2 కిలోమీటర్లు వినిపించేది అర వాటుతో 1 కిలోమీటరు పైచిలుకు వినిపిస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్క. మధ్యలో గుట్ట అడ్డం వస్తే 5 వాట్లూ ఆగుతాయి, అర వాటూ ఆగుతుంది.

దూరాన్ని నిజంగా పెంచేది ఎత్తు. అదే లెక్క ప్రకారం ఒక సెట్టు ఎత్తు రెట్టింపు చేస్తే అందే సిగ్నల్ నాలుగింతలవుతుంది. నేల మీద నిలబడ్డ మనిషి చేతిలో సెట్టు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. 3 మీటర్ల మంచె ఎక్కి నిలబడితే అదే సెట్టు నాలుగున్నర మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఎత్తు మూడింతలు, సిగ్నల్ తొమ్మిదింతలు. అంటే అర వాటు సెట్టు పట్టుకుని మంచె ఎక్కినవాడు, 5 వాట్ల సెట్టు పట్టుకుని చేలో నిలబడ్డవాడితో దాదాపు సమానం. ఇంకో లాభం కూడా ఉంది. వాట్లు పెంచితే మన మాట మాత్రమే దూరం పోతుంది, అవతలివాడి మాట మనకు బాగా వినపడదు. ఎత్తు పెంచితే రెండు వైపులా బాగుపడుతుంది. మంచెకు, చెరువు కట్టకు, ఇంటి డాబాకు లైసెన్సు అక్కర్లేదు కదా.

బ్యాటరీ సంగతీ అంతే. 5 వాట్లు బయటికి రావాలంటే బ్యాటరీ నుంచి సుమారు 10 వాట్ల దాకా లాగుతుంది. పవరు తగ్గితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. పదింతలు మాత్రం రాదు. సెట్టులో మిగిలిన భాగాలకు కావలసిన కరెంటు తగ్గదు, వినడానికి అయ్యే ఖర్చూ తగ్గదు.

తక్కువ పవరు ఎందుకు మంచిది?

చివరి ఆయకట్టు రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. కాలువ మొదట్లో ఉన్నవాడు తూము బార్లా తెరిస్తే చివరి భూములకు నీరు రాదు. ఫ్రీక్వెన్సీ కూడా కాలువ లాంటిదే. 446 పట్టీలో 12.5 కిలోహెర్ట్జ్ చొప్పున 16 ఛానెళ్లే పడతాయి. ఒక ఊరివాళ్లు 5 వాట్లతో ఒక ఛానెల్‌లో మాట్లాడితే చుట్టుపక్కల మూడు ఊళ్లకు ఆ ఛానెల్ పనికిరాదు. ఈ రకం రేడియోలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా తొక్కేస్తుంది. పాము కరిచిందని పిలిచేవాడి మాట పక్క ఊరి కబుర్ల కింద పడి నలిగిపోవచ్చు. అందరూ అర వాటులో ఉంటే అదే ఛానెల్‌ను కొంత దూరంలోని ఇంకో ఊరు హాయిగా వాడుకుంటుంది.

ప్రైవసీ కోడ్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ కోడ్ పక్కవాళ్ల మాట మన స్పీకరులో రాకుండా ఆపుతుంది, అంతే. పక్కవాళ్ల సిగ్నల్‌ను గాలిలో ఆపలేదు. మన మాటను రహస్యంగా కూడా ఉంచలేదు.

మరి తగ్గించిన సెట్టు చట్టబద్ధమేనా?

ఇక అసలు ప్రశ్న. కాదు. పవరు ఒక్కటే చట్టం చూసే విషయం కాదు. ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ ఆమోదం ఉన్న మోడల్‌తో అన్నది కూడా చూస్తుంది. ఆమోదం లేని సెట్టుకు రెసిస్టర్ మార్చితే ఆమోదం రాదు. ఆమోదం అనేది పరీక్షించిన మోడల్‌కు ఇచ్చేది, షాపులో విప్పి మార్చిన సెట్టుకు కాదు. అర వాటుకు దించినా ఆ సెట్టు నాబు తిప్పితే ఇంకో శాఖ ఫ్రీక్వెన్సీలో మాట్లాడగలిగేదే. పిల్లలు పొరపాటున నొక్కినా మాట అక్కడికి పోతుంది. తనిఖీకి వచ్చిన అధికారికి లోపల రెసిస్టర్ మార్చిన సంగతి కనపడదు, చేతిలో ఉన్న మోడల్ కనపడుతుంది. కాబట్టి ఈ మార్పు కోసం షాపులో ఇచ్చే డబ్బు వృథా.

సభ్యులు అడిగిన ప్రశ్నలు

*ఇప్పటికే కొన్న సెట్లను ఏం చేయాలి?*

వాటితో మాట్లాడటం ఆపండి. బిల్లు, ఆన్‌లైన్ ఆర్డరు కాగితం దాచుకోండి. లైసెన్సు విషయం చెప్పకుండా అమ్మితే అది వినియోగదారుణ్ణి తప్పుదోవ పట్టించడమే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు రాయడానికి సంఘం సాయం చేస్తుంది.

*హామ్ లైసెన్సు తీసుకుంటే పొలంలో వాడుకోవచ్చా?*

హామ్ రేడియో నేర్చుకోవడానికి, ప్రయోగాలకు, ఆపద సమయంలో సేవకు ఉద్దేశించినది. మోటారు వేయమని, కూలీలను పిలవమని చెప్పుకోవడానికి కాదు. అవతలివాడికి కూడా లైసెన్సు ఉండాలి. అయితే మన పిల్లల్లో ఆసక్తి ఉన్నవాళ్లు నేర్చుకుంటే మంచిదే. హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లు పోతే, అక్కడే ఉన్న హామ్ బృందం సమాచారం అందించింది. తుపాను వచ్చే తీరం మనది. ఊరికి ఒకరు ఆ విద్య నేర్చి ఉండటం మేలు.

*కొత్తగా కొనాలంటే ఏం చూడాలి?*

పెట్టె మీద గానీ వివరాల్లో గానీ 446.0–446.2 అని స్పష్టంగా ఉండాలి. ఈటీఏ వివరం అడగండి, కాపీ ఇమ్మనండి. "లైసెన్స్ ఫ్రీ" అన్న అక్షరాలు ఒక్కటే చూసి కొనకండి. ఎవరైనా "5 వాట్లు, లైసెన్సు అక్కర్లేదు, అన్ని ఫ్రీక్వెన్సీలూ వస్తాయి" అంటే అది మనకు కావలసిన సరుకు కాదు. బిల్లు తప్పక తీసుకోండి. కొన్న తర్వాత సీజను మొదలుకాక ముందే ఇద్దరు పొలమంతా నడిచి, ఎక్కడ వినపడుతుందో ఎక్కడ వినపడదో చూసి పెట్టుకోండి. గట్టు మీద, డాబా మీద, మంచె మీద నిలబడి పరీక్షించండి. పెట్టె మీద రాసిన కిలోమీటర్లను నమ్ముకోకండి.

*లైను పని చేసేటప్పుడు వాడవచ్చా?*

ఈ ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పండి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర గానీ, మోటారు వైరు దగ్గర గానీ, అవతలి నుంచి "కరెంటు తీశా" అన్న మాట వాకీటాకీలో విని వైరు పట్టుకోకూడదు. మాట తెగిపోయి "తీయలేదు" అన్నది "తీశా" అన్నట్టు వినపడవచ్చు. వేరే చేను మనిషి తన మోటారు గురించి అన్న మాటను మన మనిషి అన్నాడని అనుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు పని లైన్‌మన్‌ది. మన స్టార్టరు దగ్గరైతే ఫ్యూజులు పీకి, వాటిని జేబులో వేసుకున్న తర్వాతే వైరు మీద చెయ్యి వేయాలి. ఫ్యూజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి.

సంఘం అడిగేది

చట్టాన్ని పాటించమని సభ్యులకు చెబుతున్నాం. అదే నోటితో ప్రభుత్వాన్ని కూడా అడుగుతున్నాం.

1. వాకీటాకీ అమ్మే ప్రతి దుకాణం, ప్రతి వెబ్‌సైటు ఫ్రీక్వెన్సీ, లైసెన్సు, ఆమోదం వివరాలను తెలుగులో, పెద్ద అక్షరాల్లో చూపాలి.

2. చర్య తీసుకోవాల్సి వస్తే ముందు దిగుమతి చేసినవాళ్ల మీద, అమ్మినవాళ్ల మీద తీసుకోవాలి. తెలియక కొన్న రైతుకు మొదటిసారి సెట్టు అప్పగించే అవకాశం ఇవ్వాలి.

3. ఆమోదం ఉన్న అర వాటు సెట్లను అద్దె యంత్ర కేంద్రాల ద్వారా, రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా తక్కువ అద్దెకు ఇవ్వాలి. ట్రాక్టరుకు, స్ప్రేయరుకు ఇచ్చే సాయం రైతు ప్రాణం కాపాడే దీనికీ ఇవ్వాలి.

4. సిగ్నల్ లేని ఏజెన్సీ గ్రామాల్లో టవర్లు వేయాలి. అవి ఉంటే సగం మంది ఈ సెట్ల కోసం వెతకాల్సిన పనే ఉండదు.

మన వంతుగా ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలో రెండు పనులు చేయాలి. ఊళ్లో ఎవరి దగ్గర ఏ సెట్లున్నాయో, ఎక్కడ కొన్నారో, ఎంతకు కొన్నారో రాసి మండల కమిటీకి పంపాలి. ఆ జాబితా ఎవరినీ పట్టించడానికి కాదు, అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు కట్టగా పెట్టడానికి. పేర్లు సంఘం దగ్గరే ఉంటాయి. రెండోది, ఆమోదం ఉన్న సెట్లు కొనదలచిన ఊళ్లు పక్క ఊళ్లతో కూర్చుని ఎవరు ఏ ఛానెల్ వాడాలో ముందే పంచుకోవాలి. నీటి వంతులు రాసుకున్నట్టే వీటినీ రాసుకుందాం. ఆపద వేళ పిలవడానికి ఒక ఛానెల్‌ను అందరం ఖాళీగా వదిలిపెడదాం.